మ్యాపు మీద నాలుగు కిలోమీటర్లు

నేను పదవీ విరమణ చేసిన రోజున మా ఆఫీసువాళ్లు శాలువా కప్పి, గోడగడియారం చేతిలో పెట్టి, నా సేవల గురించి చాలాసేపు మాట్లాడారు. ముప్పై నాలుగేళ్లలో నేను చేసినవీ చేయనివీ కలిపి చెప్పారు. ఒకాయన నన్ను "మన్యానికి ఇంటర్నెట్ మోసిన మనిషి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ నేనూ కొట్టాను.

మోసిన మాట నిజమే. అయితే మోసింది ఇంటర్నెట్‌ను కాదు, ఒక కంప్యూటరును. అదీ ఊళ్లోకి కాదు, ఊళ్లోంచి బయటికి. సన్మాన సభలో ఆ సంగతి చెప్పడం మర్యాద కాదు కాబట్టి ఊరుకున్నాను. ఇప్పుడు పెన్షను మనిషిని. నా ఇంక్రిమెంటు ఆపేవాడు లేడు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటివాళ్ల కోసం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇందులో మీరు నేర్చుకోదగ్గ గొప్పతనం ఏమీ లేదు. జాగ్రత్తపడదగ్గది కొంత ఉంది.

అప్పుడు నేను భద్రాచలానికి ఎగువన, అడవి అంచున ఉన్న ఒక మండల కేంద్రంలో టెలిఫోను అధికారిని. మాది మధిర. రైలు కూత వింటూ పెరిగినవాణ్ణి. అక్కడికి బదిలీ అయినప్పుడు, రెండేళ్లు కళ్లు మూసుకుంటే మళ్లీ పట్టాల దగ్గరికి వచ్చేయొచ్చు అనుకున్నాను. అన్నమాట ప్రకారం రెండేళ్లూ కళ్లు మూసుకునే ఉన్నాను.

రెండు వేల ఏడు ప్రాంతంలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పట్నంలో ఉన్నవాడికి దొరికే సమాచారం అడవిలో ఉన్నవాడికి దొరకడం లేదు, ఈ అంతరాన్ని చవకగా బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చి పూడ్చాలి అని అందులో ఉంది. మంచి ఉత్తర్వు. ఊరికో సమాచార కేంద్రం, అందులో ఒక కంప్యూటరు, దానికి మా శాఖ ఇచ్చే లైను. ఉత్తర్వు వెంట ఒక ఫారం కూడా వచ్చింది. మా శాఖలో ఉత్తర్వును ఎవరూ చదవరు, ఫారం చదువుతారు. అందులో ఆరు గళ్లు ఉన్నాయి: ఊరి పేరు, జనాభా, ఎక్స్ఛేంజి నుంచి దూరం, కంప్యూటరు చేరిన తేదీ, లైను ఇచ్చిన తేదీ, పనిచేస్తున్నదా లేదా. అంతరం పూడిందా అన్న గడి లేదు. ఉంటే దానికీ ఏదో ఒకటి రాసి ఉండేవాణ్ణి.

ఇక్కడ ఒక్క సాంకేతిక విషయం చెప్పాలి. ఆ రోజుల్లో బ్రాడ్‌బ్యాండ్ మామూలు ఫోను తీగ మీదే పోయేది. ఎక్స్ఛేంజి నుంచి నాలుగున్నర, మహా అయితే ఐదు కిలోమీటర్ల దాకా. ఆపైన తీగ ఉంటుంది, ఫోను మోగుతుంది, ఇంటర్నెట్ మాత్రం దారిలోనే చచ్చిపోతుంది. నాకిచ్చిన పది ఊళ్లలో తొమ్మిది ఐదులోపే ఉన్నాయి. పదోది వాగు అవతల, గుట్ట వెనక ఉన్న కోయ ఊరు. తీగ గుట్ట చుట్టూ తిరిగి, వంతెన దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి ఆ ఊరు చేరేసరికి ఎనిమిది కిలోమీటర్లు.

ఖమ్మంలో ఉండే మా పై అధికారి ప్రతి సోమవారం ఫోను చేసేవాడు.

"ఎన్ని అయినాయి?"

"తొమ్మిది సార్. ఒకటి మిగిలింది."

"ఎందుకు మిగిలింది?"

"దూరం సార్. ఎనిమిది కిలోమీటర్లు."

"దూరం సంగతి నాకు చెప్తే ఏం లాభమయ్యా, నేను తగ్గిస్తానా? నువ్వు తగ్గించుకో."

ఆయన విసుగుతో అన్నాడు. నేను ఆదేశంగా తీసుకున్నాను. ఆ సాయంత్రం గోడకున్న మండలం మ్యాపు దించి, బల్ల మీద పరిచి, ఎక్స్ఛేంజికీ ఆ ఊరికీ మధ్య స్కేలు పెట్టాను. స్కేలుకు గుట్ట అడ్డం రాదు, వాగు అడ్డం రాదు. సరిగ్గా నాలుగు కిలోమీటర్లు వచ్చింది. ఫారంలో "దూరం" అని ఉంది గాని, తీగ వెంట దూరమా, కాకి ఎగిరే దూరమా అని లేదు. ఈ ఆలోచన నాకు ఎవరూ చెప్పలేదు. నాదే. చాలాకాలం దాన్ని నా తెలివి అనుకున్నాను.

మా లైన్‌మెన్ పక్కన నిలబడి చూస్తున్నాడు. నేలకొండపల్లి వైపు మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద, నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి.

"గుట్ట మీదికెల్లి కొత్త వైరు గుంజుతమా సార్?" అన్నాడు.

"లేదు బాబాయ్. ఉన్న తీగే."

"మరి ఎనిమిది నాలుగెట్లయింది?"

"మ్యాపు మీద నాలుగే."

ఆయన మ్యాపు వైపు కాసేపు చూశాడు. "గట్లయితే ఆ ఊరోళ్లను మ్యాపు మీదికి కాపురం మార్చుమనాలె," అని బీడీ తాగడానికి బయటికి వెళ్లాడు.

కేంద్రం ప్రారంభానికి ఒక పెద్ద అధికారి వచ్చాడు. ముందురోజే నేను భద్రాచలం వెళ్లి, అక్కడి నెట్ దుకాణంలో ఓ ఇరవై పేజీలు తెరిచి, వాటిని సీడీలోకి ఎక్కించి తెచ్చి, ఊళ్లోని కంప్యూటరులో దాచిపెట్టాను. పర్ణశాల ఫోటోలు, రైళ్ల వేళలు, ఆకాశంలోంచి తీసిన గోదావరి బొమ్మ. ఇక మిగిలింది మోడెం. దాని మీద నాలుగు దీపాలు ఉంటాయి. మూడోది నిలకడగా వెలిగితే లైను అందినట్టు, కొట్టుకుంటుంటే ఇంకా వెతుకుతున్నట్టు. అది పొద్దుటినుంచీ కొట్టుకుంటూనే ఉంది. లైన్‌మెన్ దానికి నాకన్నా మంచి ఉపాయం చూశాడు. కొత్త వస్తువు గదా అని మోడెంకు పసుపు రాసి, సరిగ్గా మూడో దీపం మీద ఇంత కుంకుమ బొట్టు పెట్టాడు. పెద్ద అధికారి కొబ్బరికాయ కొట్టి, దానికి దండం పెట్టుకున్నాడు.

ఆయన అరగంట మాట్లాడాడు. ప్రపంచం అరచేతిలోకి వచ్చిందన్నాడు. ఆ మాటల్ని కోయ భాషలోకి చెప్పడానికి ఒకామెను నిలబెట్టారు. ఇరవై తొమ్మిదేళ్లుంటాయి. ఆ ఊళ్లో ఇంటరు పాసైన ఆడమనిషి ఆమె ఒక్కతే. ఊరి ఆరోగ్య కార్యకర్త. పిల్లల బరువులు తూచడం, గర్భిణుల పేర్లు రాసుకోవడం, జ్వరాలకు మాత్రలివ్వడం ఆమె పని. మహిళా సంఘంవాళ్లు కేంద్రం తాళంచెవి కూడా ఆమెకే అప్పగించారు. అధికారి అరగంట ప్రసంగాన్ని ఆమె ఒక్క వాక్యంలో చెప్పింది. జనం నవ్వారు.

"ఏమన్నది బాబాయ్?" అని లైన్‌మెన్‌ని అడిగాను. ఆయనకు ఆ భాష కాస్త తెలుసు.

"ఏదో వస్తదంట, వచ్చినంక చూద్దాం అన్నది."

నేను పర్ణశాల ఫోటో తెరిచాను. గోదావరి తెరిచాను. చప్పట్లు. అప్పుడు ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలాయన లేచి, "ఖమ్మం మార్కెట్ల ఇయ్యాల మిర్చి రేటు ఎంతుందో సూపియ్యి సారూ," అన్నాడు. ఆయన గోదారొడ్డున రెండెకరాల్లో మిర్చి వేశాడట. అందరికన్నా అక్కరకొచ్చే ప్రశ్న ఆయనే అడిగాడు.

"ఇవాళ మార్కెట్టుకు సెలవు తాతా," అన్నాను.

"బేస్తవారం నాడు సెలవేంది?"

పెద్ద అధికారి నా వైపు చూశాడు. నేను కొబ్బరి చిప్పలు పంచమని లైన్‌మెన్‌కి సైగ చేశాను. ఆ రాత్రే ఫారంలో ఆరో గడి నింపాను: పనిచేస్తున్నది. జిల్లాలో మొదట నూటికి నూరు పూర్తిచేసిన వాణ్ణి నేనే. ఖమ్మంలో జరిగే సభలో నాకు ప్రశంసాపత్రం ఇస్తున్నారని కబురు వచ్చింది. దాని వెనక ప్రమోషను కూడా ఉందని అర్థం చేసుకున్నాను.

ఆ ఆరోగ్య కార్యకర్త మొదటి ఫిర్యాదు వారం తిరక్కుండానే తెచ్చింది. బస్సు లేకపోతే నడిచి వచ్చేది. మా ఆఫీసులో ఫిర్యాదుకొక పద్ధతి ఉంది. పుస్తకంలో ఎక్కిన ఫిర్యాదును మూడు రోజుల్లో ముగించాలి. ముగించకపోతే సంజాయిషీ రాయాలి. ముగించడానికి లైను బాగుపడనక్కర్లేదు, పుస్తకంలో "పరీక్షించి సరిచేయబడినది" అని రాస్తే చాలు. నేను ఆమె ఫిర్యాదులు ఎనిమిది సరిచేశాను.

"సారూ, గా మూడో లైటు ఇంక కొట్టుకుంటనే ఉంది," అనేది.

"కొట్టుకుంటోందంటే పనిచేస్తున్నట్టేనమ్మా. వెతుకుతోంది."

"ఏం వెతుకుతోంది?"

"ఇంటర్నెట్‌ను."

"రెండు నెలలాయె సారూ. మనిషి గిట్ల తప్పిపోతే ఈపాటికి పోలీసు టేషన్ల రాపిచ్చేటోళ్లం."

నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆమె మాట చమత్కారంగా ఉండేది గాని, ఆమె చమత్కారానికి అనేది కాదు. నేనే సరదా మాటగా తీసుకుని తప్పించుకునేవాణ్ణి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ ఏడు ఎండాకాలం ముందు నర్సు శిక్షణకు దరఖాస్తులు పిలిచారు. ఏజెన్సీ ఊళ్ల ఆడవాళ్లకు, ముఖ్యంగా ఇలా ఆరోగ్యం పని చేస్తున్నవాళ్లకు కొన్ని సీట్లు. ముప్పై ఏళ్లు దాటకూడదు. ఆమెకు మరుసటి ఏడు దాటిపోతుంది. అంటే అదే చివరి అవకాశం. వాగు అవతలి ఊళ్లకు నర్సు పదిహేను రోజులకోసారి వచ్చేది. వాగు పొంగితే అదీ లేదు. ఆమె నర్సయి ఆ ఊళ్లోనే ఉంటే ఏమవుతుందో ఆ ఊరివాళ్లందరికీ తెలుసు. ఆమెకంటే ఎక్కువగా వాళ్లే ఎదురు చూశారు.

దరఖాస్తులు తీసుకునే ఆఫీసువాళ్లు ఒక కొత్త నియమం పెట్టారు. సమాచార కేంద్రం ఉన్న ఊరివాళ్లు కాగితం మీద ఇవ్వకూడదు. తమ కేంద్రంలోని కంప్యూటరు నుంచే, ఆ కేంద్రానికిచ్చిన లైను మీదుగానే పంపాలి. వేరే చోట నుంచి ఆ పేజీ తెరుచుకోదు. పట్నంలో నెట్ దుకాణాలవాళ్లు అడవి జనాన్ని దోచుకుంటున్నారని, వాళ్ల మేలు కోరే ఈ ఏర్పాటు చేశారు. ఏయే ఊళ్లలో కేంద్రాలు పనిచేస్తున్నాయో తెలుసుకోవడానికి మా శాఖ నుంచి జాబితా తెప్పించుకున్నారు. పదో పేరు ఆ ఊరిది.

ఆమె భద్రాచలం వెళ్లి కాగితం దరఖాస్తు ఇవ్వబోయింది. గుమాస్తా జాబితా చూపించాడట. "మీ ఊళ్లె నెట్ ఉన్నదమ్మా. టెలిఫోనోళ్లే రాసిన్రు. వాళ్లకంటె నీకు ఎక్కువ ఎరుకనా?" అన్నాడట. అయినా మంచివాడే. "మీ టెలిఫోను సారుతోటి నెట్ పనిచేస్తలేదని ఒక్క ముక్క రాపిచ్చుకరా. ఆఖరు రోజు ఐదింటిలోపు తెస్తే కాగితం తీసుకుంట," అని చెప్పి పంపాడు.

ఆఖరి రోజు పొద్దున పదింటికి ఆమె మా ఆఫీసుకు వచ్చింది. సర్టిఫికెట్లు పాలిథిన్ కవరులో ఉన్నాయి. నిలబడే అడిగింది.

"ఒక్క లైను రాసియ్యి సారూ. మా ఊళ్లె నెట్ వస్తలేదని. పదకొండు బస్సుకు పోత."

తెల్లకాగితం బల్ల మీదే ఉంది. రాయడానికి అర నిమిషం పట్టదు. కాని ఆ కాగితం భద్రాచలంలో ఫైలుకెక్కుతుంది, ఫైలు ఖమ్మం పోతుంది, నా నూటికి నూరు కాస్తా తొంభై అవుతుంది. పైగా ఆ రోజే మా పై అధికారి ఖమ్మం నుంచి వచ్చి ఎక్స్ఛేంజిలో కూర్చుని, వచ్చే వారం సభ కోసం నా ఫారాలన్నీ సరిచూస్తున్నాడు. గోడకవతల ఆయన టీ గ్లాసు చప్పుడు వినిపిస్తోంది.

"రాయడమెందుకమ్మా," అన్నాను. "లైనే బాగుచేస్తాను. సాయంత్రంలోపు మీ కేంద్రం నుంచే పంపిద్దువు గాని."

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఎనిమిది సార్లు బాగుచేసినవు సారూ," అంది. అయినా జీపెక్కింది. ఎక్కక ఏం చేస్తుంది?

ఊళ్లో మూడో దీపం ఎప్పటిలాగే కొట్టుకుంటోంది. లైన్‌మెన్ స్తంభమెక్కి దిగి, తీగ గీకి, మళ్లీ కలిపాడు. నేను మోడెం ఆపి వేశాను, వేసి ఆపాను. మధ్యాహ్నమైంది. చివరికి లైన్‌మెన్ చెంబుతో నీళ్లు తాగి, "నెట్ ఇక్కడికి రాదు సార్. మనమే దాని దగ్గరికి పోవాలె," అన్నాడు. "ఈ కంప్యూటరును జీపులేసుకుని ఎక్స్ఛేంజికి తీస్కపోదాం. గీ లైనుకే తగిలిద్దాం. పది నిమిషాల పని."

మంచి ఆలోచన. తప్పకుండా పనిచేసే ఆలోచన.

"అక్కడ ఖమ్మం సారు కూర్చున్నాడు బాబాయ్," అన్నాను.

"కూసుంటే? ఆ సారుకు ఎనిమిది కిలోమీటర్ల ముచ్చట తెల్వదా?"

"తెలుసు. తెలిసినట్టు తెలియకూడదు."

లైన్‌మెన్ చెంబు కింద పెట్టాడు. ఆమె, "ఏంది కాకా, సారు ఏమంటున్నడు?" అని అడిగింది. "దగ్గర దారి బందయిందంటున్నడు బిడ్డా," అన్నాడు.

కాబట్టి దూరం దారి పట్టాం. కంప్యూటరును గొంగడిలో చుట్టి జీపులో పెట్టాం. స్తంభాల వెంటే ఎక్స్ఛేంజి వైపు పోతూ, కరెంటు ఉన్న చోటల్లా ఆగి, ఆ ఊరి తీగకు మోడెం తగిలించి, దీపం నిలబడుతుందేమో చూడాలి. నలభై రెండేళ్ల అధికారి, యాభై దాటిన లైన్‌మెన్, నర్సు కావలసిన మనిషి, గొంగడిలో కంప్యూటరు. దారిన పోయేవాళ్లు మేము ఎవరినో దవాఖానాకు తీసుకుపోతున్నామనుకుని పక్కకు జరిగారు.

మొదట వంతెన దాటాక ఉన్న చర్చి దగ్గర ఆగాం. రేకుల చర్చి, పక్కనే పాస్టరు గారి ఇల్లు. ఆయన బల్ల తెచ్చి వేశాడు, వైరు ఇచ్చాడు. అక్కడికి ఎక్స్ఛేంజి ఆరు కిలోమీటర్లు. దీపం నిలబడినట్టే నిలబడి మళ్లీ కొట్టుకునేది. ముగ్గురం ఊపిరి బిగబట్టి దానివైపే చూస్తున్నాం.

"ప్రార్థన చేయమంటారా సార్?" అని పాస్టరు గారు నిజంగానే అడిగాడు.

"మా సారు కోసం చెయ్యున్రి పాస్టరు గారూ," అన్నాడు లైన్‌మెన్. "వైరుది తప్పేం లేదు."

తర్వాత మూడు రోడ్ల కూడలిలో ఉన్న టీ హోటలు. ఎక్స్ఛేంజికి నాలుగున్నర. మూడుంబావు అయింది. మిర్చిబజ్జీల పళ్లెం పక్కకు జరిపి కంప్యూటరు పెట్టాం. లైన్‌మెన్ స్తంభం మీద తీగ కలిపి "ఎట్లుంది?" అని అరిచాడు. మూడో దీపం రెండు క్షణాలు కొట్టుకుని ఆగిపోయింది. ఆరిపోయిందేమో అనుకున్నాను. ఆగి వెలుగుతోంది. నిలకడగా, ఆకుపచ్చగా. ఇన్ని నెలల్లో ఆమె ఆ దీపాన్ని అలా చూడడం అదే మొదటిసారి. "గిట్లుంటదా," అంది మెల్లగా.

పేజీ తెరుచుకుంది. ఎవరి సాయం లేకుండా ఆమే ఒక్కో వేలితో కొట్టడం మొదలుపెట్టింది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇంటరు మార్కులు. హోటలు నడిపే పెద్దమ్మ గిన్నెలు కడగడం మానేసి వచ్చి నిలబడింది. "జల్దీ కొట్టు బిడ్డా. నాలుగింటికి కరెంటు తీస్తరు. మల్ల ఆరింటికే," అంది.

ఆ చుట్టుపక్కల ప్రతి మనిషికీ తెలిసిన విషయం అది. నాకు తెలియదు. మా ఎక్స్ఛేంజిలో పెద్ద బ్యాటరీలుంటాయి. కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడు వస్తుందో మాకు పట్టదు.

నాలుగుకు పది నిమిషాలుండగా చివరి పేజీ వచ్చింది. అందులో ఒక ప్రశ్న ఉంది: మీ కేంద్రంలో ఇంటర్నెట్ నిరంతరాయంగా పనిచేస్తున్నదా? అవును అని పెడితేనే ముందుకు పోతుంది.

ఆమె వేలు ఆగింది. "గిదేం పెట్టాలె సారూ?"

"అవును పెట్టమ్మా."

"పనిచేస్తలేదు గద."

"పెట్టమ్మా, టైం లేదు."

"అబద్ధం రాసి నర్సయితే, రేపు ఒకరికి సూది వేసిననంటే మావోళ్లు నన్నెట్ల నమ్ముతరు?"

నిజం చెప్పాలంటే విసుక్కున్నాను. అప్పటికే నేను అదే ప్రశ్నకు అదే జవాబు రాసి సన్మానానికి సిద్ధంగా ఉన్నవాణ్ణి. లైన్‌మెన్ నా వైపు చూడకుండా, "పెట్టు బిడ్డా. గా పాపం నీ ఖాతాల పడదు," అన్నాడు. ఆమె పెట్టింది. పంపు అన్న చోట నొక్కింది. తెర మీద ఇసుక గడియారం గుర్తు తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది, తిరిగింది. తెర నల్లబడింది. హోటల్లో ఫ్యాను ఆగింది. నాలుగయింది.

ఆమే ముందుగా మాట్లాడింది. గొంతులో కోపం లేదు.

"ఇప్పుడన్న రాయి సారూ. ఇంక గంట ఉంది."

లైన్‌మెన్ గడియారం చూసుకున్నాడు. "జీపుల అయితే ముప్పావు గంట సార్. అందుతది."

హోటలు పెద్దమ్మ బిల్లుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి బల్ల మీద పెట్టింది. నా జేబులో పెన్ను ఉంది. ఆ క్షణాన నేనేం ఆలోచించానో ఇవాళ్టికీ నాకు స్పష్టంగా గుర్తుంది. గుర్తు లేదంటే బాగుండేది. పై అధికారి ఎక్స్ఛేంజిలో ఇంకా ఉన్నాడా, వెళ్లిపోయాడా అని ఆలోచించాను. అంతే. ఆమె గురించి ఆలోచించలేదు.

"ఇప్పుడు పోయినా అందదమ్మా," అన్నాను. "దారిలో రైల్వే గేటు..."

అన్నాక తెలిసింది. భద్రాచలానికి రైలే లేదు. మధిర అబద్ధం నోటికొచ్చింది.

ఎవరూ నవ్వలేదు. ఆమె సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ చూసుకుని కవరులో పెట్టుకుంది. హోటలు పెద్దమ్మకు పోయొస్తనని చెప్పింది. వాగు వైపు నడిచింది. జీపులో దింపుతానంటే వద్దంది. లైన్‌మెన్ స్తంభం ఎక్కి తీగ విప్పి వచ్చి, కంప్యూటరును గొంగడిలో చుడుతూ, "దీన్ని మోసినంత కష్టం కాదు సార్ ఒక్క లైను రాసుడు," అన్నాడు. ఆ తర్వాత ఆయన రిటైరయ్యేదాకా నాతో పని మాటలే మాట్లాడాడు.

సరిగ్గా ఈ చోట మీరు నన్ను తిట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. కాని ఒక్కటి గమనించండి. ఆ రోజు నేను సోమరిగా లేను. అంత కష్టపడ్డ రోజు నా ఉద్యోగంలోనే లేదు. అన్నం మానాను, ఎండలో తిరిగాను, కంప్యూటరు మోశాను. నిజం రాయకుండా ఉండడానికి మనిషి ఎంత చాకిరీ అయినా చేస్తాడు. చేసినంతసేపూ తాను ఉపకారం చేస్తున్నాననే అనుకుంటాడు.

మరుసటి వారం ఖమ్మంలో ప్రశంసాపత్రం తీసుకున్నాను. పై అధికారి నా భుజం తట్టి, "దూరం తగ్గించావయ్యా," అన్నాడు. నర్సు శిక్షణ ఆఫీసువాళ్లు ఆ ఊరి పేరుకెదురుగా "ఆసక్తి చూపలేదు" అని రాసుకున్నారని తర్వాత విన్నాను.

ఆ పత్రానికి ఫ్రేము కట్టించి తెచ్చిన రోజునే నాకు దాన్ని గోడకు కొట్టాలనిపించలేదు. ఎందుకో తెలియనట్టు నాలుగు రోజులు నటించాను. ఐదో రోజు కూర్చుని, ఆ ఊళ్లో ఇంటర్నెట్ ఏనాడూ పనిచేయలేదని, దూరం నేను స్కేలుతో కొలిచి రాశానని, ప్రారంభం నాడు చూపినవి దాచిపెట్టిన పేజీలని, తప్పు పూర్తిగా నాదని ఖమ్మానికి ఉత్తరం రాశాను. సస్పెన్షన్ వస్తుందని బట్టలు కూడా సర్దుకున్నాను. నెలకు జవాబు వచ్చింది. నా లేఖ నిర్ణీత నమూనాలో లేనందున పరిశీలించడం వీలుకాదని, ఆ కేంద్రం పనిచేస్తున్నట్టే రికార్డుల్లో కొనసాగుతుందని ఉంది. శిక్ష కూడా దక్కలేదు. ప్రమోషను మాత్రం సమయానికే వచ్చింది. ఆ ఊరికి ఇంటర్నెట్ కొన్నేళ్ల తర్వాత సెల్ టవరు మీదుగా దానంతటదే వచ్చింది. అందులో నా చెయ్యి లేదు.

బదిలీకి ముందు ఆ ఊరికి వెళ్లాను. ఖమ్మానికి రాసిన ఉత్తరం నకలు జేబులో పెట్టుకున్నాను. ఏం ఆశించి పెట్టుకున్నానో చెప్పడం కష్టం. క్షమించమని అడగడానికే వెళ్లాననుకున్నాను గాని, నిజానికి నేను కూడా చివరికి నిజం రాశానని ఎవరైనా ఒక్కరు చదివితే బాగుండని వెళ్లాను.

ఆమె కేంద్రం అరుగు మీద పిల్లల బరువులు తూస్తోంది. దూలానికి కట్టిన కాటా, దానికి వేలాడే గుడ్డ సంచి, సంచిలో ఏడుస్తున్న పసివాడు. తల్లులు వరుసగా కూర్చున్నారు. నన్ను చూసి, "కూసో సారూ," అని పీట చూపించింది. పసివాడి బరువు రాసుకున్నాక నేను కాగితం ఇచ్చాను. మొదటి నుంచి చివరిదాకా చదివింది. మళ్లీ పైకి వచ్చి, నేను వేసిన తారీఖు దగ్గర ఆగింది. తల్లుల్లో ఒకామె కోయలో ఏదో అడిగింది. ఈమె ఆగమని చేత్తో సైగ చేసింది.

"అంత నిజమే రాసినవు సారూ," అంది.

"అవునమ్మా."

కాగితాన్ని మడతల వెంటే మడిచి నాకు తిరిగి ఇచ్చింది.

"ఈ తారీఖుతోటి నాకు పని లేదు," అని, సంచిలోకి ఎత్తడానికి తరువాతి బిడ్డ కోసం చేతులు చాచింది.